ఇద్దరం, నాలుగు మోకాళ్ళు, అయిదు రోజులు: బెంగళూరు, మైసూరుల్లో తోటలు, టిఫిన్లు, నడకలు

కడియం కోడలు | జనవరి 17, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నేళ్ళూ ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. మాది రాజమండ్రి. మా ఆయన కాలేజీలో లెక్కల మాస్టారు, పోయిన జూన్‌లో రిటైరయ్యారు. ముప్పై రెండేళ్ళ కాపురంలో మేమిద్దరమే కలిసి ఊరెళ్ళిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అవీ పెళ్ళిళ్ళకీ, తిరుపతికీ. ఈసారి వెంట పిల్లలూ లేరు, తీర్చాల్సిన మొక్కూ లేదు. ఫిబ్రవరిలో ఓ అయిదు రోజులు బెంగళూరు, మైసూరు వెళ్దామనుకున్నాం. శేషాద్రికి టికెట్లు కూడా చేయించేశారు.

నాకు మొక్కల పిచ్చి. ఆయనకి టిఫిన్ల పిచ్చి. మోకాళ్ళు ఇద్దరికీ అంతంతమాత్రమే, నాకు ఎడమది, ఆయనకి కుడిది. తెల్లారకుండా లేచి బస్సెక్కి, గైడు వెనకాల పరిగెత్తి, ఫొటో దిగి మళ్ళీ బస్సెక్కే ప్రయాణం మాత్రం వద్దు. రోజుకో తోట, ఓ మంచి టిఫిను, సాయంత్రం నింపాదిగా నడక. అంతే. ఎక్కడ దిగాలి, ఏం తినాలి, ఏ వేళకి వెళ్ళాలి, తెలిసినవాళ్ళు చెప్పండి.

ప్లాన్ పక్కా | జనవరి 17, రాత్రి 10:05

మేడమ్, నా దగ్గర రెడీమేడ్ ప్లాన్ ఉంది. మొదటిరోజు విధానసౌధ, కబ్బన్ పార్క్, బెంగళూరు ప్యాలెస్, టిప్పు ప్యాలెస్, లాల్‌బాగ్, ఇస్కాన్. రెండోరోజు తెల్లవారుజామున క్యాబ్‌లో శ్రీరంగపట్నం, రంగనతిట్టు, మైసూరు జూ, ప్యాలెస్, చాముండి కొండ, రాత్రికి బృందావన్ గార్డెన్స్. మూడోరోజు బన్నేరుఘట్ట, నంది కొండలు, షాపింగ్. పొద్దున ఆరింటికి బయల్దేరితే రాత్రి పదికి రూమ్‌లో ఉంటారు. మూడు రోజుల్లో పదిహేను చోట్లు కవరైపోతాయి. మీకు ఇంకో రెండు రోజులు మిగుల్తాయి, ఊటీ కలుపుకోండి.

హిందూపురం శీనా | జనవరి 17, రాత్రి 10:22

ఆయమ్మ అడిగిందేమి, నువ్వు చెప్పేదేమి సామీ? మోకాళ్ళ నొప్పని రాసుంటే నంది కొండలంటావే!

అక్కా, మాకు బెంగళూరంటే పక్కింటి మాదిరి. మీరు బసవనగుడిలోనో, జయనగర్‌లోనో దిగండి. పాత పేటలు, చెట్ల నీడ ఉంటుంది, లాల్‌బాగ్ దగ్గర, టిఫిన్లకి కొదవలేదు. గాంధీబజార్‌లో విద్యార్థి భవన్ ఉంది, 1943 నాటిది. మసాలా దోసె మనూర్లో మాదిరి పల్చగా ఉండదు. మందంగా, ఎర్రగా, పైన కరకర, లోపల మెత్తన, నెయ్యి వాసన. పక్కన చట్నీ, అదీ జారుగా. అయితే శుక్రవారం సెలవు, మర్చిపోవద్దండి. శని, ఆదివారాలు జనం ఎక్కువ. తెరిచే వేళకే పోవాల.

జనవరిలోనే వచ్చింటే అవరెకాయ మేళా దొరికేది. అనపగింజల తోనే దోసె, ఉప్మా, జిలేబీ, అన్నీ! మా అమ్మ చేసే పితికిపప్పు గుర్తొచ్చి రెండేండ్ల కిందట ఒకచోట నిలబడి మూడు ప్లేట్లు లాగించినా.

బసవనగుడి బామ్మ | జనవరి 18, ఉదయం 6:20

అమ్మా, మాది తెనాలి దగ్గర. ఈ ఊరొచ్చి ఇరవై ఎనిమిదేళ్ళయింది. రోజూ నడిచేది లాల్‌బాగ్‌లోనే కాబట్టి దాని సంగతి నేను చెప్తాను, మిగతావి మిగతావాళ్ళు చెప్తారు.

లాల్‌బాగ్ 240 ఎకరాలు. 1760లో హైదర్ అలీ మొదలుపెడితే టిప్పు పెంచాడు. ఒక్క పూటలో అంతా చూసేద్దామనుకుంటే మోకాళ్ళు కాదు, ప్రాణమే పోతుంది. నాలుగు గేట్లు ఉన్నాయి. ఏ గేటులోంచి లోపలికి వెళ్ళారో గుర్తుపెట్టుకోండి. ఇది మళ్ళీ చెప్తున్నాను. లోపల దారులన్నీ కవల పిల్లల్లా ఉంటాయి, వేరే గేటులోంచి బయటపడ్డారంటే చుట్టుకొని రావాల్సిందే. మెట్రోలో వస్తే పడమటి గేటు దగ్గర.

మూడు చూడండి, చాలు. ఒకటి, బూరుగు చెట్టు. పేరు చెప్పి అడిగితే ఎవరైనా చూపిస్తారు. రెండొందల ఏళ్ళు దాటిన చెట్టు, దాని వేళ్ళు నేలమీద గోడల్లా లేచి ఉంటాయి. రెండు, గాజు మేడ. లండన్‌లో ఒకప్పుడు ఉన్న క్రిస్టల్ ప్యాలెస్‌ని చూసి 1889లో మొదలుపెట్టారు. మీరు వచ్చేసరికి ఖాళీగా ఉంటుంది, అదే నయం. జనవరి 26కీ, ఆగస్టు 15కీ పూల ప్రదర్శన పెడతారు చూడండీ, అప్పుడు పూలకంటే తలకాయలు ఎక్కువ. మూడు, రాతి గుట్ట. మీద కెంపేగౌడ బురుజు ఉంటుంది. ఆ రాయి వయసు 300 కోట్ల ఏళ్ళని భూగర్భ శాస్త్రవేత్తలు బోర్డు పెట్టారు. నేను దానిమీద కూర్చుని మా కోడలితో ఫోన్ మాట్లాడుతుంటాను. ఏటవాలు గుట్టే, కానీ ఎండెక్కాక రాయి కాలుతుంది, పొద్దున్నే ఎక్కండి.

పెద్ద గేటు నుంచి కాస్త నడిస్తే ఎమ్‌టీఆర్, 1924 నుంచి ఉంది. రవ్వ ఇడ్లీ పుట్టింది తమ దగ్గరేనని వాళ్ళు చెప్తారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యానికి కరువొస్తే బొంబాయి రవ్వతో ఇడ్లీ వేశారట. సోమవారం మూసేస్తారు. మాస్టారుగారికి చెప్పండి, వెయిటింగ్ హాల్లో కూర్చోవడమూ టిఫిన్లో భాగమేనని.

కాచిగూడ కుర్రోడు | జనవరి 18, ఉదయం 9:15

అంతా మంచిదే గానీ సాంబారు సంగతి ఎవ్వరూ చెప్తలేరేంది? పోయినేడు పోయిన నేను. మొదటి స్పూను నోట్ల పెట్టంగనే డబుల్ కా మీఠాల ఇడ్లీ ముంచిండ్రేమో అనుకున్న. బెల్లం! సాంబారుల బెల్లం!

ఐటీ అమ్మాయి | జనవరి 18, ఉదయం 9:31

అన్నా, అది ఉడిపి పద్ధతి. అలవాటైతే బాగుంటుంది. నాకు రెండేళ్ళు పట్టింది.

హిందూపురం శీనా | జనవరి 18, ఉదయం 9:40

అదేమిటికి? శంకరపురంలో బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌కి పోండి. సాంబారే ఉండదు! ఇడ్లీ, వడ, ఖారా బాత్, కేసరి బాత్, కాఫీ, అంతే. చట్నీ మాత్రం గరిటెతో పోస్తానే ఉంటారు. నిలబడి తినాల. 1965 నుంచి అదే వరస.

కాచిగూడ కుర్రోడు | జనవరి 18, ఉదయం 9:44

సాంబారు లేని ఇడ్లీ కోసం లైన్ల నిలబడాల్నా? ఆంధ్రా మెస్సులు గల్లీకొకటి ఉన్నయి గదా ఆడ.

బసవనగుడి బామ్మ | జనవరి 18, ఉదయం 10:02

అంత దూరం వచ్చి పప్పు, గోంగూర తినిపోతానంటే నేనేం చెప్పను నాయనా. ఇంట్లో అవే కదా.

నిర్వాహకుడు | జనవరి 18, ఉదయం 11:30

సాంబారు గురించి నలభై మూడు పోస్టులు వేరే థ్రెడ్‌కి మార్చాను. ఇక్కడ ప్రయాణం గురించి మాత్రమే రాయండి. (నా ఓటు బెల్లానికే.)

ఐటీ అమ్మాయి | జనవరి 18, మధ్యాహ్నం 1:10

ఆంటీ, మీరు ఫిబ్రవరిలో వస్తున్నారు కాబట్టి కబ్బన్ పార్క్ తప్పకుండా పెట్టుకోండి. అప్పుడు టబెబుయా పూస్తుంది. ఆకు ఒక్కటి కనబడదు, చెట్టంతా గులాబీ రంగే. ఈ ఊళ్ళో ఒక జాతి చెట్లు పూసి రాలేసరికి ఇంకో జాతి మొదలవుతుంది, అది కాకతాళీయం కాదు. క్రుంబీగల్ అనే జర్మన్ తోటల నిపుణుడు లాల్‌బాగ్ చూసుకునే రోజుల్లో ఏడాది పొడుగునా వీధుల్లో ఏదో ఒకటి పూస్తుండాలని లెక్కవేసి చెట్లు నాటించాడు. టబెబుయా తర్వాత జకరండా, ఆ తర్వాత గుల్‌మొహర్. గుల్‌మొహర్ అంటే మన తురాయే.

కబ్బన్ పార్క్ 1870 నాటిది. ఆదివారం లోపలి రోడ్లమీద బళ్ళు రానివ్వరు, నడవడానికి హాయి. శనివారం పొద్దున ఇంకో తమాషా. వందలమంది చాపలు పరుచుకుని ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకుంటారు. కబ్బన్ రీడ్స్ అంటారు. ఎవరూ ఎవరితో మాట్లాడరు. నేనూ వెళ్తాను. ఆఫీసు మీటింగుల తర్వాత మాటల్లేని మూడు గంటలు ఎంత బాగుంటాయో చెప్పలేను.

లండన్ లచ్చిమి | జనవరి 18, సాయంత్రం 6:48

క్రుంబీగల్ పేరు చూసి ఆగలేకపోయాను. ఆయన ఇండియా రాకముందు పనిచేసింది మా దగ్గరున్న క్యూ గార్డెన్స్‌లోనే! నేనూ మావారూ ఏడాది పాస్ తీసుకుని నెలకి రెండు ఆదివారాలు వెళ్తాం. ప్రతిసారీ అదే బెంచీ, అదే ఫ్లాస్కు, అదే పులిహోర. 1848లో కట్టిన గాజు ఇల్లు ఉంది, పామ్ హౌస్ అంటారు. బయట మంచు కురుస్తుంటే లోపల అరటి గెల, ఆ తడి వేడికి కళ్ళద్దాలు మసకబారతాయి. ఒక్క నిమిషం మా అమలాపురం పెరట్లో ఉన్నట్టుంటుంది. అక్కడే ఏడ్చాను ఒకసారి, మావారు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నానేమో అనుకున్నారు.

కాచిగూడ కుర్రోడు | జనవరి 18, సాయంత్రం 7:02

క్యూ గార్డెన్స్ అంటే క్యూ కట్టాల్నా అక్కా?

లండన్ లచ్చిమి | జనవరి 18, సాయంత్రం 7:20

ఈ జోకు మావారు పదకొండేళ్ళుగా వేస్తున్నారు తమ్ముడూ. మీరు వేరే చూసుకోండి.

మైసూరు మల్లి | జనవరి 19, ఉదయం 8:00

మైసూరు నాకు వదిలేయండి. పెళ్ళయి ఇక్కడికి వచ్చి పదిహేనేళ్ళు.

ఆదివారం సాయంత్రానికి ఇక్కడ ఉండేలా చూసుకోండి. ఏడింటికి ప్యాలెస్ దీపాలు వేస్తారు, దగ్గర దగ్గర లక్ష బల్బులు. సోమవారం పొద్దున్నే కుక్కరహళ్ళి చెరువు. పేరు చూసి నవ్వకండి. 1864లో ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు తవ్వించినది. చుట్టూ చెట్లకింద మట్టి బాట, మొత్తం తిరిగితే నాలుగైదు కిలోమీటర్లు. సగంలో తిరిగొచ్చేసినా ఎవరూ ఏమీ అనరు, బెంచీలున్నాయి. గూడబాతులు కనిపిస్తాయి. కన్నడ కవి కువెంపు, రచయిత ఆర్.కె. నారాయణ్ ఇద్దరూ ఈ చెరువు గట్టున నడిచినవాళ్ళే.

టిఫినుకి మైలారి దోసె. బెంగళూరు దోసెకి పూర్తిగా వ్యతిరేకం, దూదిలా మెత్తన, పైన వెన్న. తర్వాత దేవరాజ మార్కెట్టు. మల్లెపూలు, తమలపాకులు, రంగు రంగుల కుంకుమ రాశులు. ఏమీ కొనకపోయినా పర్లేదు, ఒకసారి ఆ సందుల్లో నడవండి. బయటే గురు స్వీట్స్. మైసూర్‌పాక్ మొదట చేసిన రాజుగారి వంటవాడి వంశం వాళ్ళదని చెప్తారు. మనూరి మైసూర్‌పాక్ అనుకుని కొరకబోకండి, నోట్లో పెడితే కరిగిపోతుంది.

బృందావన్ గార్డెన్స్ అడిగితే నా మాట: సాయంత్రం ఫౌంటెన్ల వేళ తోపులాట. పిల్లలుంటే సరే. మీకొద్దు.

కడియం కోడలు | జనవరి 19, రాత్రి 8:55

అందరికీ వేల దండాలు. మొత్తం నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మా ఆయన మాత్రం ప్లాన్ పక్కా గారి జాబితా ప్రింటు తీసుకున్నారు. 'పదిహేనూ కాదు గానీ తొమ్మిదైనా చూడొద్దా' అంటున్నారు. చూద్దాం.

కడియం కోడలు | ఫిబ్రవరి 19, రాత్రి 9:10

వచ్చేశామండీ! మోకాళ్ళు నాలుగూ క్షేమం. మీరంతా అంత ఓపిగ్గా చెప్పారు కాబట్టి వివరంగా రాయకపోతే పాపం.

బసవనగుడిలోనే దిగాం. లాడ్జి పేరెందుకు లెండి. ఆన్‌లైన్ ఫొటోలో కిటికీలోంచి చెట్టు కనిపించింది, అది చూసే బుక్ చేశాను. తీరా కిటికీ తెరిస్తే చేయి చాపితే అందేంత దూరంలో పక్కింటి గోడ. చెట్టేదండీ అనడిగితే ఆ కుర్రాడు పాపం ఇంకో వైపు గదుల్లో ఉంటుందన్నాడు. ఆ గదులు ఖాళీ లేవు. సర్లే, గదిలో కూర్చోడానికా వచ్చింది.

మర్నాడు శుక్రవారం. 'ఏవండీ, దోసెల హోటలుకి ఇవాళ సెలవని శీనాగారు చెప్పారు' అన్నాను. 'మార్చుంటారులే, శుక్రవారం ఎవరైనా మూస్తారా' అని లాక్కెళ్ళారు. షట్టరు. దానిముందు మాలాగే ఇంకో మూడు జంటలు. ఆ షట్టరుకేసి మా ఆయన తప్పు లెక్క చేసిన కుర్రాణ్ణి చూసినట్టు చూశారు.

అక్కణ్ణుంచి ఆటోలో శంకరపురం, కాఫీ బార్. శీనాగారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. రోడ్డుమీద చెట్టుకింద ప్లేటు పట్టుకుని నిలబడ్డాం. ఇడ్లీ వేలుతో నొక్కితే మళ్ళీ లేస్తోంది. చట్నీ గట్టిగా ఉండదు, పాయసంలా పోస్తారు, పచ్చిమిర్చి ఘాటు నెమ్మదిగా ఎక్కుతుంది. అయిపోగానే వెళ్ళి ప్లేటు చాపితే మళ్ళీ పోశారు. మా ఆయన ఇడ్లీ తినడం ఆపి చట్నీ తాగడం మొదలుపెట్టారు. కాఫీ దగ్గర 'బై టూ' అని కొత్త మాట నేర్చుకున్నాం. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోసిస్తారు. ఇంట్లో అయితే ఆయనది పంచదార లేనిది, నాది ఉన్నది, వేళలు వేరు, గ్లాసులు వేరు. ఇక్కడ ఒకటే కాఫీ, ఎవరికెక్కువ వచ్చిందో గ్లాసులు పక్కపక్కన పెట్టి చూశారాయన. నాకే ఎక్కువొచ్చింది.

కడియం కోడలు | ఫిబ్రవరి 19, రాత్రి 9:48

(తరువాయి) ఆ మధ్యాహ్నం పడుకుని లేచి మూడున్నరకి లాల్‌బాగ్. బామ్మగారూ, మీరు చెప్పిన మూడింట్లో మొదటి దాని దగ్గరే ముప్పావుగంట అయిపోయింది. నేను కడియం కోడల్ని, నర్సరీల మధ్య బతికినదాన్ని, నన్ను ఓ చెట్టు అలా నిలబెట్టేస్తుందనుకోలేదు. ఆ వేళ్ళు నా ఎత్తుని మించి ఉన్నాయి. రెండు వేళ్ళ మధ్య మడతలోకి వెళ్ళి నిలబడితే బయటి చప్పుడు సగం తగ్గింది. బెరడు ఏనుగు కాలి చర్మంలా ముడతలు. ఓ ముడతలో చీమల బారు, దాని పక్కన ఎవరో పిల్లలు దాచిన చాక్లెట్ కాగితం. ఆయన చెట్టు చుట్టూ అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరిగారు. మధ్యలో నేను పిలిచేసరికి లెక్క తప్పి మళ్ళీ మొదలు.

ఇక గేటు సంగతి. మీరు రెండుసార్లు చెప్పారు. నేను మూడోసారి చెప్పాను. పడమటి గేటులో వెళ్ళి, కబుర్లలో పడి, తూర్పు గేటులోంచి బయటికొచ్చాం. దగ్గర దూరానికి ఆటోలవాళ్ళు రామన్నారు. మళ్ళీ లోపలికి వెళ్ళి చెరువు పక్కనుంచి నడిచాం. చీకటి పడే వేళ, గబ్బిలాలు లేచాయి. మోకాలు మొరాయించింది గానీ, నిజం చెప్పాలంటే ఆ రోజంతట్లో బాగున్న నడక అదే.

లెక్కల మాస్టారు | ఫిబ్రవరి 19, రాత్రి 10:15

మా ఆవిడ రాసినదానికి చిన్న సవరణ. గేటు తప్పడానికి కారణం కబుర్లు కాదు, ప్రతి మొక్క దగ్గరా ఆగి 'ఇది మన కడియంలో ఎంతో తెలుసా' అని ధరలు చెప్పడం. నేను దిక్కులు చూసుకునే అవకాశమే లేదు. శుక్రవారం తప్పు మాత్రం నాదే, ఒప్పుకుంటున్నాను.

బసవనగుడి బామ్మ | ఫిబ్రవరి 20, ఉదయం 6:05

మాస్టారుగారూ, స్వాగతం! అడుగుల లెక్క ఎంత తేలిందో చెప్పనేలేదు.

లెక్కల మాస్టారు | ఫిబ్రవరి 20, ఉదయం 7:30

మూడుసార్లు తిరిగితే మూడు జవాబులొచ్చాయండి. వేళ్ళు ఎక్కడ ఆగిపోయాయో, నేల ఎక్కడ మొదలైందో తేల్చుకోలేకపోయాను.

కడియం కోడలు | ఫిబ్రవరి 20, మధ్యాహ్నం 3:25

శనివారం తెల్లవారగానే గాంధీబజార్. తలుపు తీసేసరికి ముందు వరసలో మేమే. సర్వరు ఎడమచేతిమీద దోసె ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పేర్చుకుని భుజందాకా తెస్తాడండీ! బల్లల మధ్య జారినట్టు నడుస్తూ ఒక్కో ప్లేటూ పేకముక్క వేసినట్టు వేసుకుంటూ పోయాడు. దోసె అంచు విరిస్తే అప్పడం చప్పుడు. మా ఆయన ఏమీ మాట్లాడలేదు. ముప్పై రెండేళ్ళలో ఉప్పు గురించో, కారం గురించో ఒక్క మాటా అనకుండా ప్లేటు ఖాళీ చేయడం ఇదే చూడటం. (నా వంట సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తకండి.)

అక్కణ్ణుంచి మెట్రోలో కబ్బన్ పార్క్. గులాబీ చెట్టు కింద రాలిన పూలమీద కూర్చున్నాం. ఐటీ అమ్మాయీ, నువ్వు చెప్పిన చదువరుల్ని చూశాం. అంతా పాతికేళ్ళ పిల్లలు, బోర్లా పడుకుని, చెట్టుకానుకుని, ఒకమ్మాయి కుక్కపిల్ల వీపుమీద పుస్తకం పెట్టుకుని. మా ఆయన కాసేపు తచ్చాడి, జేబులోంచి మడతపెట్టిన పేపరూ కళ్ళజోడూ తీసి వాళ్ళ మధ్యకెళ్ళి కూర్చున్నారు. ఎవరూ తలెత్తి చూడలేదు. రెండు గంటలు! నేను పూలు ఏరుకున్నాను.

ఆ జాబితా కాగితం? దాన్ని మడిచి, చేతిమీద మైసూర్‌పాక్ నెయ్యి కారకుండా కింద పట్టుకున్నారు. అది మైసూరు కథ. ఆదివారం అక్కడికి రైల్లో వెళ్ళాం. సాయంత్రం ప్యాలెస్ ముందు నిలబడ్డాం. ఆకాశం ఇంకా పూర్తిగా నల్లబడలేదు. ఏడు కాగానే ఒక్కసారిగా మొత్తం భవనం గీత గీసినట్టు వెలిగింది. జనమంతా 'హో' అన్నారు, నేనూ అన్నాను. మా ఆయన పక్కనుంచి 'లక్ష బల్బులు, ఒక్కోటి పదిహేను వాట్లనుకుంటే గంటకి పదిహేనువందల యూనిట్లు' అన్నారు. దీపాలు ఆర్పేదాకా వింటూనే ఉన్నాను.

ప్లాన్ పక్కా | ఫిబ్రవరి 20, సాయంత్రం 4:02

ఒక్క నిమిషం మేడమ్. దీపాలు చూశారు సరే, ప్యాలెస్ లోపలికి వెళ్ళలేదా?

కడియం కోడలు | ఫిబ్రవరి 20, సాయంత్రం 4:10

లేదండీ.

ప్లాన్ పక్కా | ఫిబ్రవరి 20, సాయంత్రం 4:16

అయ్యయ్యో! పాత చెక్క ప్యాలెస్ 1897లో కాలిపోతే హెన్రీ ఇర్విన్ చేత డిజైన్ చేయించి 1912కి పూర్తి చేశారు. కల్యాణ మంటపం పైకప్పు రంగుటద్దాల్లో నెమళ్ళు, దర్బారు హాలు స్తంభాలు... అంత దూరం వెళ్ళి గేటు దాకా వెళ్ళి వచ్చేశారా! ఇక్కడందరూ నన్ను ఆటపట్టించారు గానీ నాకు ఏడాదికి నాలుగు రోజులు సెలవు దొరకడమే గగనం. మా అమ్మానాన్నలు మళ్ళీ వస్తారో రారో, పిల్లలు మళ్ళీ ఇంత చిన్నగా ఉండరు. అందుకే పదిహేను. మీకు తీరిక ఉంది, చెట్టు కింద ముప్పావుగంట కూర్చుంటారు.

బసవనగుడి బామ్మ | ఫిబ్రవరి 20, సాయంత్రం 5:30

నువ్వన్నదీ నిజమే నాయనా. మీ అమ్మకి ఆ నెమళ్ళు చూపించు. మా పిల్లలు చిన్నప్పుడు మేమూ అలాగే తిరిగాం, అప్పటి ఫొటోలే ఇప్పుడు గోడమీదున్నాయి.

మైసూరు మల్లి | ఫిబ్రవరి 20, సాయంత్రం 5:51

అయినా మా నెమళ్ళు చూడకుండా వెళ్ళిపోవడం నాకూ నచ్చలేదక్కా. చెరువు సంగతి చెప్పండి, దాన్నిబట్టి క్షమిస్తాను.

కడియం కోడలు | ఫిబ్రవరి 20, రాత్రి 8:40

చెరువు సంగతి చెప్తాను. సోమవారం ఆరున్నరకే వెళ్ళాం. నీళ్ళమీద పొగలా మంచు. గూడబాతు ఒకటి విమానం దిగినట్టు కాళ్ళు ముందుకు చాపి నీళ్ళమీద గీత గీసుకుంటూ ఆగింది. సగం దూరం నడిచి బెంచీమీద కూలబడ్డాం. అక్కడెవరో కాలేజీ పిల్లలు పరుగెడుతూ పోయారు. ఆయన వాచీ చూసుకుని, 'రోజూ తొమ్మిదిన్నరకి నాకింకా చెవిలో బెల్లు మోగుతుంది, తెలుసా' అన్నారు. ఎనిమిది నెలలుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, నాకు తెలీదు. రిటైరయ్యాక హాయిగా ఉన్నారనే అనుకున్నాను. తర్వాత చాలాసేపు అక్కడే ఉన్నాం. మైలారికి వెళ్ళేసరికి పదిన్నర దాటింది, దోసెలు మాత్రం దొరికాయి.

మార్కెట్టు, మైసూర్‌పాక్ అన్నీ మీరు చెప్పినట్టే. మంగళవారం రాత్రికి బెంగళూరు, బుధవారం తిరుగు బండి.

ప్లాన్ పక్కా | ఫిబ్రవరి 20, రాత్రి 9:05

సరే మేడమ్. నా పదిహేనూ నావే. ఆ కాఫీ బార్ మాత్రం కలుపుకుంటున్నాను. పదహారు.

లెక్కల మాస్టారు | ఫిబ్రవరి 20, రాత్రి 9:20

మా ఆవిడ ఒక ముఖ్యమైన విషయం దాచిపెట్టింది. సభ ముందు పెట్టడం నా ధర్మం.

బుధవారం పొద్దున, రైలుకి ముందు, 'ఒక్క పది నిమిషాలు' అని మళ్ళీ లాల్‌బాగ్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ గులాబీ పూల టబెబుయా మొక్క కావాలట. బెంగళూరు గుర్తుగా ఇంటిముందు నాటుకోవాలట. నర్సరీలో మోకాలెత్తు మొక్క దొరికింది. డబ్బులిచ్చేసి, గోనెపట్టా చుట్టించుకుని, అప్పుడు అడిగింది: 'ఇది ఇక్కడ మీరే పెంచారా?' ఆ అబ్బాయి వచ్చీరాని తెలుగులో, 'లేదు మేడమ్, ఆంధ్రా నుంచి లారీలో వస్తుంది. కడియం అని ఊరుంది, తెలుసా?'

కడియం మా నాన్నగారి ఊరు. మా ఇంటి నుంచి ఆటోలో పోయేంత దూరం. రాత్రంతా ఆ మొక్క మా ఇద్దరి బెర్తుల మధ్య నిలబడి ప్రయాణం చేసింది. టీటీ వచ్చి దీనికి టికెట్టు ఏదన్నాడు.

కాచిగూడ కుర్రోడు | ఫిబ్రవరి 20, రాత్రి 9:24

ఈ ఏడాదికి గిదే బెస్ట్ పోస్ట్. మస్తు.

హిందూపురం శీనా | ఫిబ్రవరి 20, రాత్రి 9:31

నగలేక సచ్చినా అక్కా! ఇంతకీ నాటినారా, లేదా?

కడియం కోడలు | ఫిబ్రవరి 20, రాత్రి 9:50

ఇంటి గుట్టు బయటపెట్టారు కదూ, రేపు ఉప్మాయే. అదీ సాంబారు లేకుండా.

నాటాం శీనాగారూ. వీధి గేటు పక్కన. పూయడానికి ఏళ్ళు పడుతుంది, ఇక్కడి ఎండలకి బెంగళూరంత నిండుగా పూస్తుందో లేదో కూడా చూడాలి. నీళ్ళు పోసే పని ఆయన తీసుకున్నారు. రోజూ తొమ్మిదిన్నరకి.